ముహూర్తానికి నిలబెట్టిన ద్వారబంధం

కిందటి ఆదివారం నా సొంతింట్లో నన్నే పెట్టి గడియ వేసేశారు. నవ్వకండి, ముందు టీ తాగండి, చెప్తాను.

ఉతై దగ్గర ఒక సంస్థవాళ్ళు మనలాంటివాళ్ళకి చవగ్గా ఇళ్ళు కట్టిస్తున్నారు కదా. సామాను వాళ్ళది, చాకిరీ మనది. ప్రతి ఆదివారం వెళ్ళి మనింటికీ, పక్కవాళ్ళింటికీ కూడా ఇటుకలు మొయ్యాలి. ఆఖర్న వాళ్ళొచ్చి చూసి, బాగుందంటేనే తాళంచెవి. ఇక్కడ భిలాయి క్యాంపులో మా గది ఓనరేమో నెలాఖరుకి ఖాళీ చేసెయ్యమన్నాడు. ఆ చెవి రాకపోతే మేం సామానుతో రోడ్డు మీదే.

సైటు చూసేది ఒక పిల్ల. మన తెలుగు పిల్లే, భిలాయిలోనే పుట్టింది, సగం తెలుగు సగం హిందీ. పాతికేళ్ళుండవు. అందరూ దీదీ దీదీ అంటూ వెనకాల తిరగడమే! నాకు ఒళ్ళు మండేది. ఇరవయ్యేళ్ళుగా ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టర్ని, టన్నుల బరువు దూలాలు ఎక్కించినవాణ్ణి. నాకు ఈవిడ తాపీ పట్టుకోవడం నేర్పుతుందా? ఇక అక్కడి మేస్త్రీ సంగతి చెప్పక్కర్లేదు. తొమ్మిదైతే గాని గుట్కా ఉమ్మి పనిలోకి దిగడు.

ద్వారబంధం రోజు వచ్చింది. ఇనప ఫ్రేము. మా ఆవిడ శ్రీకాకుళంలో వాళ్ళ పంతులికి ఫోన్ చేసి ముహూర్తం పెట్టించింది, పొద్దున్న ఏడూ పన్నెండుకి. దీదీ ఏమంది? తొమ్మిదింటికి మేస్త్రీ వచ్చాక పెడదామంది. ఏది లోపలివైపో ఫ్రేము మీద రంగుతో రాసి ఉంటుంది, అది చూసుకోవాలంది. ముహూర్తం విలువ తెలీనివాళ్ళతో ఏం మాట్లాడతాం? నేనూ, మా ఆవిడా, బావమరిదీ ఆరున్నరకే వెళ్ళిపోయాం. ఆవిడ ఫ్రేముకి పసుపు రాస్తుంటే, అంత పిసినారితనం దేనికని కసిరి నేనే దట్టంగా పూయించాను. దాని కింద రంగు రాతలు ఎటు పోయాయో నేను చూళ్ళేదు. బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, నవధాన్యాలేసి, సరిగ్గా టైముకి నిలబెట్టి సిమెంటు పోసేశాం. లెవెల్ పెట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు.

కిందటి ఆదివారం చెకింగు. గడియా కొండీ ముందే బిగించి వచ్చిన తలుపుని పొద్దున్నే నేనే తగిలించాను. అది బయటికి తెరుచుకుంది.

"ఇదేటి, ఈదిలోకి తెరుచుకుంతంది?" అంది మా ఆవిడ.

ఎక్కడో తేడా కొట్టింది. అయినా ఒప్పుకుంటానా! "లోపల జాగా కలిసొస్తాది. నీకేటి తెలుసు?" అన్నాను. అంతలో దీదీ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళకీ అదే లెక్చరు. అంతా విని దీదీ, "ఠీక్ హై అంకుల్, లోపలికెళ్ళి గడియ వేసుకోండి" అంది.

వెళ్ళాను. తలుపు లాక్కున్నాను. గడియ కోసం తడిమితే చేతికి తాళం వేసే కొండీ తగిలింది. ఇదిక్కడెందుకుందీ అనుకునేలోగా బయట టక్‌మంది.

దీదీ కిటికీ దగ్గరకొచ్చింది. "అంకుల్, గడియ ఇధర్, బయట ఉంది. దొంగొస్తే వాడే తీసుకుని లోపలికొస్తాడు. మీరే బయటికి రాలేరు."

కిటికీ ఊచలు మాత్రం నేను భేషుగ్గా బిగించాను, ఒక్కటీ కదల్లేదు. లైను లైనంతా వచ్చి చూసింది. నిజం చెప్పనా, నాకు సిగ్గు కంటే భయమే ఎక్కువ వేసింది. చెవి రాదు. నెలాఖరు వచ్చేస్తోంది. ఊచలు పట్టుకుని, "దీదీ, నీకు పుణ్యముంటాది, ఒక్క వారం గడువియ్యమ్మా" అని బతిమాలాను. గడియ తీసింది. పగలగొట్టి తిప్పి పెట్టండి, మళ్ళీ వచ్చి చూస్తామంది.

పంతులికి మళ్ళీ ఫోన్ చెయ్యనా అని మా ఆవిడ అడిగింది. నేను మేస్త్రీ ఎప్పుడొస్తాడని అడిగాను. అతను తొమ్మిదింటికొచ్చి, గంటలో తిప్పి నిలబెట్టాడు. నేను సిమెంటు తట్టలు మోశాను.

నిన్న చెవి ఇచ్చారు, దాంతోపాటు ఒక డ్యూటీ కూడా. రేపు ఆదివారం కొత్త కుటుంబాలు చేరుతున్నాయట. ఫ్రేము ఎలా నిలబెట్టాలో దీదీ చెప్తుందట. ఎలా నిలబెట్టకూడదో చెప్పడానికి ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్న మనిషి కావాలని నన్ను రమ్మంది.