కడుపు మారిస్తే రక్తం మారుతుందా?

1979లో నేను పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో హెల్త్ విజిటర్‌గా పనిచేస్తున్నాను. ఊరూరూ తిరిగి గర్భిణులనూ పసిబిడ్డలనూ చూసుకునే ఉద్యోగమది. కాళ్ళకు ఎంత పనో నోటికి అంతకు రెట్టింపు పని. నాకు నోరు కాస్త ఎక్కువేనని మా ఆయన ఇప్పటికీ అంటాడు. అననీ.

ఒకరోజు రెడ్డెమ్మ అనే అమ్మాయి తన కొడుకును టీకాకు తెచ్చింది. బిడ్డ ఒళ్ళు బాగానే ఉంది కానీ నుదురు వెనక్కి వాలి ఉంది. తల చుట్టూ టేపు పెట్టి కొలిస్తే వయసుకు తగినంత లేదు, చాలా తక్కువ.

"మొదటి బిడ్డకీ ఇట్లే ఉండెనమ్మా. రెండేండ్లకే పాయ" అంది తల వంచుకుని.

రెడ్డెమ్మ భర్త మునిరత్నం ఆమెకు సొంత మేనమామ, అంటే వాళ్ళమ్మకు తమ్ముడు. కాబట్టి అత్తగారు చెంగమ్మ ఆమెకు సొంత అమ్మమ్మే. మా వైపు అక్క కూతురిని చేసుకోవడం వింతేమీ కాదు. పిల్లా, పొలమూ రెండూ గడప దాటవని పెద్దల లెక్క.

ఆమెను మదనపల్లెలో పిల్లల డాక్టరు దగ్గరికి నేనే వెంటబెట్టుకుని పోయాను. ఆయన బిడ్డను చాలాసేపు చూసి, దీన్ని మైక్రోసెఫలీ అంటారని చెప్పాడు. తల చిన్నదిగా ఉండిపోవడం. మనిషి బిడ్డ మెదడు పుట్టిన తర్వాత కూడా గబగబా పెరుగుతుందట, అది పెరిగేకొద్దీ పుర్రె చోటిస్తుందట. ఇక్కడ మెదడే పెరగలేదు కాబట్టి పుర్రె కూడా ఆగిపోయింది.

"ఒంట్లో ప్రతి పనికీ జీన్‌లు ఉంటాయమ్మా. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఒకటి చెడినా రెండోది పని నడుపుతుంది. అందుకే నువ్వూ నీ భర్తా బాగున్నారు. బిడ్డకు రెండూ చెడ్డవే వచ్చినట్టుంది. దీన్ని రిసెసివ్ అంటాం. ఒకే రక్తంలో పెళ్ళి చేసుకుంటే దాగి ఉన్న లోపాలు రెండూ కలిసే అవకాశం ఎక్కువ."

"నయమవుతాదా సార్?"

"కాదు. కానీ నిన్ను గుర్తుపడతాడు, నవ్వుతాడు. ఓపికగా నేర్పితే కొంత నేర్చుకుంటాడు."

నెల తిరగకుండానే రెడ్డెమ్మ మళ్ళీ వచ్చింది. ఆమె కడుపు మంచిది కాదని ఇంట్లో తేల్చారట. మునిరత్నానికి మారుపెళ్ళి చేస్తారట. పిల్ల ఎవరనుకున్నారు? రెడ్డెమ్మ సొంత చెల్లెలు సుజాత! అదే తల్లి కూతురు, అదే మేనమామ. నాకు ఒళ్ళు మండిపోయింది. తాంబూలాలు మార్చుకునే రోజున, పిలవకపోయినా వెళ్ళి చాప మీద కూర్చున్నాను.

భార్య ఉండగా రెండో పెళ్ళి చట్టం ఒప్పదన్నాను. నవ్వారు. డాక్టరు మాట చెప్పాను. సుజాతలోనూ అదే జీన్ ఉండొచ్చు, లేకపోవచ్చు, నాణెం ఎగరేసినట్టేనన్నాను. చెంగమ్మ కస్సుమంది.

"ఏందమ్మో, మా ఇంటికొచ్చి మా రక్తాన్నే తప్పు పడతాండావే? తరతరాలుగా ఇట్లే సేసుకుంటాండాం. మాకేమయింది?"

మదనపల్లెలో డిగ్రీ చదివిన బంధువొకడు ఆమెకు వంత పాడాడు. "మనిషి కోతి నుంచే కదా వచ్చినాడు. వీడు మళ్ళీ కోతి దారి పట్టుండాడు, అంతే." చాప మీద కొందరు కిసుక్కుమన్నారు.

"ఏం చదువయ్యా నీది? కోతి మెదడు కోతికి నిండుగా ఉంటుంది. వీడిది మనిషి మెదడు. ఎదగవలసినది ఎదగకుండా ఆగింది. వెనక్కి పోలేదు" అన్నాను. ఆ మాటకు నవ్వు ఆగింది కానీ, తాంబూలం పళ్ళెం మాత్రం కదలలేదు. నా చదువు ఆ ఇంట్లో అంతవరకే పనిచేసింది.

అప్పుడు రెడ్డెమ్మ లోపలి నుంచి వచ్చింది. బిడ్డను తెచ్చి చెంగమ్మ ఒడిలో పెట్టింది. కొడుకు వైపు నుంచి వాడు ఆమెకు మనవడు, కూతురి వైపు నుంచి మునిమనవడు.

"అవ్వా, ఒగ మాట సెప్పు. నేను మాయమ్మ కడుపులో పుట్టినా. మాయమ్మ నీ కడుపులో పుట్టె. నీ కొడుకూ ఆ కడుపులోనే పుట్టె. నా కడుపు సెడ్డదైతే, అది యాడ సెడిపోయిండాది?"

మునిరత్నం నేల చూస్తున్నాడు. బిడ్డ ముసలామె మెడలోని నల్లపూసలను పిడికిట పట్టుకుని నవ్వాడు. చెంగమ్మ ఆ పిడికిలిని విడిపించలేదు. చాలాసేపు వాడి ముఖంలోకే చూసింది.

"పళ్ళెం ఎత్తండ్రా" అంది. "సుజాతను బయట సంబంధానికి ఇస్తాం."

"మాట ఇచ్చినాం కదా అత్తా!" అన్నాడు ఆ డిగ్రీ బంధువు.

"ఇచ్చిన నోరు నాదే. ఎనక్కి తీసుకునేదీ నా నోరే. నువ్వు లెయ్ ఆడ్నించి."

పెళ్ళి ఆగింది. మునిరత్నం మళ్ళీ చేసుకోలేదు. ఆ ఇంట్లో రెడ్డెమ్మ కడుపు మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. కొడుకు ఆలస్యంగా నడిచాడు, నాలుగైదు మాటలు నేర్చాడు. వాటిలో మొదటిది అమ్మ. అది నాకు చెప్పడానికి రెడ్డెమ్మ బస్సెక్కి పుంగనూరుకు వచ్చింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, సిగ్గేమీ పడలేదు.

తర్వాత కొన్నేళ్ళకు నాకు కుప్పం బదిలీ అయింది. సుజాతను ఇచ్చిందీ ఆ ఊరికే, ఏ చుట్టరికమూ లేని ఇంటికి. తన బిడ్డను ఎత్తుకుని నన్ను చూడ్డానికి వచ్చి, "మాయక్క నిలబడింది కాబట్టి నేనిట్లా ఉండానమ్మా" అంది.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. రక్తంలో ఏముందో అది ఎవరి తప్పూ కాదు. తెలిశాక కూడా నోరు మూసుకుంటే మాత్రం తప్పే. అందుకే రిటైరయ్యేదాకా మేనరికం మాట విన్న ప్రతి ఇంటి మెట్లూ ఎక్కాను. కొందరు కాఫీ ఇచ్చి విన్నారు, కొందరు తలుపు మూశారు. కుప్పంలో ఒకాయన వీధిలోకొచ్చి మరీ అరిచాడు, "పెండ్లిండ్లు సెడగొట్టేదానికా గవర్నమెంటు నీకు జీతమిచ్చేది?" అని.

"అవునప్పా" అన్నాను. "కొన్ని పెండ్లిండ్లకు అదే నా డ్యూటీ."