కుప్పమ్మ పొదగేసిన గుడ్లు

పాకాల స్టేషను బయట కాఫీ కొట్టు పెట్టుకుని ముప్పై ఏళ్ళు బతికినవాణ్ణి. మనుషుల్ని అంచనా కట్టడంలో ఈ గోవిందస్వామిని మించినవాడు లేడని అనుకునేవాణ్ణి. కోళ్ళను అంచనా కట్టడంలో మాత్రం నేనే కాదు, మా ఊరు ఊరంతా కుప్పమ్మ ముందు దిగదుడుపే.

యుద్ధం రోజులవి, నలభై నాలుగో సంవత్సరం. కుప్పమ్మ మొగుడు ఓబయ్య రైలు పట్టాల మీద గ్యాంగు కూలీ. దగ్గుతో మొదలై రక్తం పడింది. మదనపల్లె అవతల క్షయ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మంచి గాలి, విశ్రాంతి, పాలు, రోజుకు రెండు గుడ్లు, ఇవే మందులని డాక్టరు చెప్పాడు. పిల్లాజెల్లా లేని ఆ ఇంట్లో ఉన్నదల్లా తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. వారం వారం పద్నాలుగు గుడ్లు వరిపొట్టులో పేర్చుకుని ఆమె ధర్మవరం బండి ఎక్కేది. మిగిలినవి నా కొట్టుకూ రైల్వే ఇళ్ళకూ అమ్మి, ఆయనకు అక్కడ పాలవాడుక పెట్టింది. ఓబయ్య ప్రాణం ఆ తొమ్మిది పెట్టల కింద ఉందంటే అతిశయోక్తి కాదు.

అవి ఊరికే దొరికిన పెట్టలు కావు. మూడేళ్ళు ఏరి ఏరి నిలుపుకున్నవి. పెట్టను చంకలో ఇరికించుకుని, తోక కింద ఉండే రెండు ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూసేది. మూడు వేళ్ళు పడితే బాగా గుడ్లు పెట్టే పెట్టని ఉంచుకునేది. ఒక్క వేలే పడితే అది ఎంత అందగత్తె అయినా సంతకు పోవలసిందే. మాటిమాటికీ పొదుగుకు కూర్చునే పెట్ట ఆమెకు గిట్టదు. కూర్చున్నన్నాళ్ళూ గుడ్డు పెట్టదు కదా! రెండేళ్ళకోసారి పుంజును పక్కూరు దామలచెరువుకు ఇచ్చి వేరే పుంజును తెచ్చుకునేది, ఒకే రక్తమైతే పిల్లలు నీరసంగా పుడతాయని.

"మనుషులకు మేనరికం పనికొస్తాది, నీ కోళ్ళకు పనికిరాదా?" అని నేను ఎగతాళి చేస్తే, "మనుషులు గుడ్లు పెడతారా అన్నా?" అని తిప్పికొట్టింది.

ఆషాఢంలో కొక్కెర రోగం వచ్చిపడింది. కోళ్ళు పచ్చగా పారుకుంటూ, నోళ్ళు తెరిచి ఎగశ్వాస తీస్తూ, మెడలు మెలితిరిగి రాలిపోయాయి. కుప్పమ్మ గుడిసె ఊరికి ఎడంగా పట్టాల పక్కన ఉండేది. చుట్టూ కంప వేసి ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. తను బయటికి పోయి వచ్చినా సున్నపు నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాకే లోపలికి పోయేది. ఊళ్ళో ఇంటింటా కోళ్ళు చస్తుంటే ఆమె కోడి ఒక్కటీ తూలలేదు. అది కొందరికి కంటగింపయింది. నిజం చెప్పాలంటే నాకూ కాస్త అయింది.

గంగమ్మకు పొంగళ్ళు పెట్టి, ఇంటికో కోడిని కోయాలని పెద్దలు తీర్మానించారు. ఎటూ చచ్చేదే కదా అని సగం మంది తూలుతున్న కోడినే తెచ్చి అమ్మ ముందు నిలబెట్టారు. అమ్మనే మోసం చేసిన ఘనులం మేము. ఆ రక్తం అన్నంలో కలిపితే అదే పొలి. దాన్ని ఊరి చుట్టూ చల్లితే రోగం గీత దాటి రాదని మా నమ్మకం. ఆ పొలి బుట్ట పట్టుకుని కుప్పమ్మ కంప దగ్గరికి పోయినవాణ్ణి నేనే.

"కంప సుట్టూ సల్లుకో, కుప్పా," అన్నాను.

"వద్దన్నా. కోళ్ళు తింటాయి."

"తింటే తిననీ. అమ్మ కూడు, మేలే సేస్తాది. ఊరంతా ఒక దారి, నువ్వొక దారా? అమ్మకు కోపమొస్తే ఓబయ్య గతేంది?"

నేను ఆ పేరు ఎత్తకుండా ఉండవలసింది. ఆమె కొంగు పట్టి పొలి తీసుకుని తన చేత్తోనే చల్లుకుంది. పెట్టలు కంప సందుల్లోంచి మెడలు చాచి ఒక్క మెతుకు వదలకుండా ఏరుకుతిన్నాయి.

అయిదో రోజు ఒక పెట్ట రెక్కలు వాల్చింది. పదో రోజుకు పుంజుతో సహా ఏదీ మిగల్లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది. ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు బాగుండేది. గుడ్ల కోసం నేను రేణిగుంట దాకా తిరిగాను. ఎక్కడో ఒకటీ అరా ఉన్నా మిలిటరీ బండ్లకే పోతున్నాయి.

ఆ వారం ఆమెతో నేనూ బండెక్కాను. ఓబయ్య వసారాలో మంచం మీద ఉన్నాడు. మమ్మల్ని చూడకముందే ఆమె చేతుల వైపు చూశాడు.

"గుడ్లు యాడే?"

నేను నిజం చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను. ఆమె నాకు అడ్డం వచ్చింది.

"అన్నీ ఒక్కసారే పొదుగుకు కూసున్నాయి. ఉన్న గుడ్లన్నీ వాటి కిందే ఏసినా."

ఆయన ముఖం వెలిగిపోయింది. "మంచి పని సేసినావు. ఇరవై ఒక్క దినాలు గదా! బావా, గద్దలు ఉండాయి, జాగ్రత్తగా సూడండి," అని నాకు అప్పగింతలు పెట్టాడు.

ఆ రోజు నుంచి కుప్పమ్మ ఆ లేని కోళ్ళను బండిలోనే పెంచింది. నేను తోడు పోతున్నా, ఈ వారం ఏం చెప్పాలో నాతో కూడా అనకుండా కిటికీలోంచి చూస్తూ కూడబెట్టుకునేది. యాభై పిల్లలు లేచాయంది. తల్లులు ఇంకా పిల్లల్ని వదల్లేదు, గుడ్లు పెట్టడం లేదంది. గద్ద రెండింటిని ఎత్తుకుపోయిందంటే ఓబయ్య దిగులుపడి ఆ పూట పాలు తాగలేదు. ఆ తర్వాత ఆమె గద్దను మళ్ళీ రానివ్వలేదు. వారం వారానికీ అక్కడ కోళ్ళు ఎదిగేవి, ఇక్కడ మనిషి తరిగిపోయేవాడు.

మార్గశిరం చలిలో ఆయన గొంతు సరిగా పెగల్లేదు.

"తొలి గుడ్డు ఎప్పుడే?"

"ఇంక దగ్గరికొచ్చినాయి."

"అమ్మొద్దు. నాకు తీసుకురా. అది తినేదాకా నేను యాడికీ పోను," అని నవ్వాడు.

ఎలాగైనా ఒక్క గుడ్డు సంపాదించాలని నేను పంతం పట్టాను. దామలచెరువులో ఒక ఇంటివాళ్ళను కాళ్ళావేళ్ళా పడి అడిగి, అప్పుడే పెట్టిన గుడ్డు తెచ్చాను. తెల్లవారి బండి దగ్గర ఆమె చేతిలో పెట్టబోయాను. కుప్పమ్మ రెండు చేతులూ వెనక్కి లాక్కుంది.

"వద్దన్నా. ఇది తింటే ఎళ్ళిపోతాడు."

ఆ మనిషికి అన్నిటికంటే కావలసింది గుడ్డేనని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. గుడ్డును నా దగ్గరే ఉంచుకున్నాను. ఒకసారి చెప్పి ఆమె ఇల్లు ముంచినవాణ్ణి. ఆమె ఖాళీ చేతులతో బండెక్కింది. ఓబయ్య ఇంకో పదకొండు రోజులు గుడ్డు కోసం చూశాడు.