దశరథ చదవని రెండో భాగం

మధ్యాహ్నం అన్నం వేళకు గేటు ముందు ఆటో ఆగేది. దశరథ కాళ్లు కడుక్కుని, తిని, గోడకు ఆనుకుని కూర్చుని నవల తీసేవాడు. యాదలక్ష్మి కూరాకు గిల్లుతూ వినేది. ఇప్పుడు ఆ వేళకు తలుపు దగ్గరికి వేసి పడుకుంటోంది. నిద్ర రాదు. సందులో ఏ ఆటో ఆగినా లేచి కూర్చుంటుంది.

నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగిన మొగుడూ పెళ్లాలు వాళ్లు. పిల్లలు కలగలేదు. యాదలక్ష్మి చదువు బస్సు బోర్డుల దగ్గరే ఆగిపోయింది. దశరథకు దయ్యాల కథలంటే పిచ్చి. పుస్తకాలు అద్దెకిచ్చే షాపులో వెతికి మరీ తెచ్చేవాడు. ఆఖరున తెచ్చింది, చచ్చిపోయిన మొగుడు పెళ్లాం మీద ప్రేమ చావక తిరిగొచ్చే కథ. ముగ్గున్న వాకిలిని దయ్యం దాటలేదు కదా, అందుకని ఆ కథలో పెళ్లాం మాధవి ముగ్గు వేయడమే మానేస్తుంది. పొద్దు గుంకగానే అతను వస్తాడు.

పుస్తకంలో ఆ దయ్యం కోస్తా మాట మాట్లాడేది. సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు బంద్, దశరథ ఆటోకు తెలంగాణ జెండా. దయ్యం నోరు విప్పినప్పుడల్లా అతను దాన్ని నల్గొండ మాటలోకి తిప్పి చదివేవాడు. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు వేదవతిది గుంటూరు వైపు. బట్టలు ఆరేయడానికి కిందికి దిగుతూ మెట్ల మీద ఆగి వినేది.

"మా దయ్యాన్ని కూడా లాగేసుకున్నావా దశరథా?"

"పొమ్మంటలేనమ్మా, బాస మార్చుకోమంటున్న" అనేవాడు.

రెండో భాగం వస్తే ముందు తనకే ఇవ్వాలని షాపాయన రామమోహనరావు దగ్గర మాట తీసుకున్నాడు. అది రాకముందే, ఎల్బీనగర్ చౌరస్తాలో సవారీ కోసం చూస్తూ చూస్తూ ఆటో హ్యాండిల్ మీద తల వాల్చాడు. పాపం, పడుకున్నాడనుకుని పక్క ఆటో అతను చాలాసేపు లేపలేదు.

చావు జరిగిన ఇల్లు కనుక వాకిట్లో ముగ్గు ఆగింది. దినాలైపోయాయి, మాసికం పెట్టారు. అయినా యాదలక్ష్మి పొద్దున్నే ఊడ్చి, నీళ్లు చల్లి, అంతటితో లోపలికి పోతోంది. పక్క పోర్షన్‌లో ఉండే సైదమ్మ పోరు పెట్టింది, ఇంకెన్నాళ్లని.  కారణం చెబితే యాదలక్ష్మిని పిచ్చిదంటారు. అతను వస్తాడని ఆమె గట్టిగా నమ్మిందీ లేదు. వస్తే మాత్రం తను వేసిన ముగ్గు అడ్డం కాకూడదు, అంతే.

అలా ఉండగా రామమోహనరావు రెండో భాగం పంపించాడు. మనిషి పోయిన సంగతి తెలిసీ, ఇచ్చిన మాట కదా అని. యాదలక్ష్మి అట్టను కొంగుతో తుడిచి మేడెక్కింది. వేదవతి చదువుతానంది. సైదమ్మ చిక్కుడుకాయలు పళ్లెంలో వేసుకుని వచ్చి కూర్చుంది. కొన్ని మధ్యాహ్నాలు అట్లా గడిచాయి. వేదవతి ఎక్కడా తడబడకుండా చదివేది. ఆ దయ్యం మాత్రం యాదలక్ష్మికి ఎవరో తెలియని మనిషిలా వినబడేది.

కథ చివరికి వచ్చేసరికి, పక్కింటి మాస్టారు మాధవిని చేసుకుంటానంటాడు. ఆమె ఏడ్చి ఏడ్చి, ఒక పొద్దున తన చేత్తోనే వాకిట్లో ముగ్గు వేస్తుంది. మొగుడు దాని అవతలే నిలబడిపోతాడు. పుస్తకంలో అతను 'వెళ్లొస్తాను' అన్నాడు. వేదవతి అక్కడ ఆగింది. కళ్లజోడు సర్దుకుని, నోరు తిరగకపోయినా నెమ్మదిగా అంది.

"పోయొస్తనే."

చిక్కుడుకాయలు తుంచే చప్పుడు ఆగిపోయింది.

సైదమ్మే ముందు తేరుకుంది. మంచిగనే రాసిండు, ఉన్నోళ్లు బతకాలె గదా అంది. వేదవతికి నచ్చలేదు. మొదటి భాగమంతా ప్రేమ ప్రేమ అని ఊరించి, పిడికెడు పిండితో పంపించేస్తాడా, ఆ రచయితకు ఉత్తరం రాసి కడిగేస్తానంది. ఇద్దరూ కాసేపు వాదించుకుని యాదలక్ష్మి వైపు చూశారు.

"ఆమె ఏసిందే అనుకో. ఆయనెట్ల పోయిండు?" అంది యాదలక్ష్మి. "మా ఆయనైతే చెప్పుతోని ముగ్గు జరిపి లోపటికొస్తడు. ఆకలైతుంది, బువ్వ పెట్టు అంటడు."

సైదమ్మకు నవ్వొచ్చింది. యాదలక్ష్మి కూడా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆమె మొహం మారిపోయింది.

"ఇన్నొద్దులాయె, నా వాకిట్ల ముగ్గే లేదు. మరెందుకు రాలే అక్కా?"

 వేదవతి పుస్తకం మూసి ఆమె పక్కకు జరిగి కూర్చుంది. దినాల్లో కూడా ఏడవని యాదలక్ష్మి, ఆవిడ భుజం మీద తల పెట్టి, వెక్కిళ్లు వచ్చేదాకా ఏడ్చింది.

మర్నాడు తలుపు తీస్తే గడప మీద ముగ్గు గిన్నె ఉంది. సైదమ్మ పెట్టి వెళ్లినట్టుంది. యాదలక్ష్మి ఊడ్చింది, నీళ్లు చల్లింది. వంగి, వేళ్ల మధ్య పిండి పట్టుకుంది. గేటు దాకా చూసింది. వాకిలి ఖాళీగా ఉంది, నిన్నటిలాగే, మొన్నటిలాగే. రాడు. ఇప్పుడు ఆమెకూ తెలుసు.

అయినా పిండిని మళ్లీ గిన్నెలో రాల్చింది. గిన్నె తీసుకెళ్లి సైదమ్మ గడప మీద పెట్టి, బియ్యం కడగడానికి లోపలికి పోయింది.