మూడు కింద సున్నా

జైలుకు పోవాలంటే మనిషి దొంగతనమే చేయనక్కర్లేదు. ఒక తడిగుడ్డ, ఒక గొళ్ళెం చాలు. ఆ రెండింటితో నేను మిర్యాలగూడలో మిట్టమధ్యాహ్నం వేళ చేసిన ఘనకార్యం చెబుతాను. మీరు నవ్వుకోండి, ఏమీ అనుకోను. అప్పుడు మాత్రం నా ప్రాణం గొంతులోకి వచ్చి కూర్చుంది. మింగుదామంటే దిగలేదు, కక్కుదామంటే రాలేదు.

సాగర్ కాలువ పనులు జరుగుతున్న రోజులవి. నేను సూర్యాపేట పిల్లను. పెళ్ళై రెండేళ్ళు. మావారు రైస్ మిల్లులో గుమాస్తా. మిల్లు వెనక సందులోనే మా కిరాయి ఇల్లు. ఆ సందులో ఊక దుమ్ము ఎంతంటే, పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి పసుపుచీరై వచ్చేది. అన్నంలో ఊక, మంచినీళ్ళలో ఊక, మావారి మీసాల్లో ఊక. రాత్రింబవళ్ళు లారీల మోత. దానికి తోడు మా గోడకు ఆనుకుని నలభై కొంపలు. ఎవరైనా దగ్గితే ఎందుకు దగ్గారో పొద్దుగూకే లోపల సందంతా తెలిసిపోయేది.

అలాంటప్పుడు రైలుపట్టాల అవతల కొత్త కాలనీ లేచింది. ఎనిమిది ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య ఎడ్లబండి తిప్పుకునేంత జాగా. చుట్టూ గాలి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, నాకు పొరుగువాడ గాలి కూడా పాయసంలాగే కనిపించింది. ఆరు నెలలు పోరాను.

"సందుల ఏం తక్కువైంది నీకు?" అనేది అత్తమ్మ. "పిలిస్తే పలికే మనుషులున్నరు."

"పిలవకున్నా పలుకుతున్నరు, అదే నా బాధ" అన్నాను.

చివరికి మావారు అలిసిపోయి, "సరె, పోదాం తియ్యి. కాని అనసూయా, ఆడికి పోయినంక మల్ల ఏదన్న అన్నవో, సామాన్ బండి మీద నువ్వే యెక్కించాలె" అన్నారు.

ఆ మాటకు నేను తలూపాను. నా కొంప ముంచింది ఆ తలూపుడే.

కాలనీలో మొదటి మూడు రోజులు వైకుంఠం. నాలుగో రోజు మధ్యాహ్నం మొదటిసారి ఆ నిశ్శబ్దం నా చెవిన పడింది. మావారు ఎనిమిదింటికే టిఫిన్ క్యారియర్ సైకిలుకు తగిలించుకుని పోతే మళ్ళీ దీపాల వేళకే రావడం. కూరగాయలమ్మి రాదు. చాకలి రాడు. ఒక మనిషి గొంతు వినిపించదు. మధ్యాహ్నం ఎండలో ఎనిమిది ఇళ్ళూ తలుపులు బిగించుకుని, ఊపిరి బిగబట్టినట్టు ఉండేవి. ఎండుటాకు దొర్లితే ఎవరో నడుస్తున్నట్టుండేది. పెరటి తలుపు కిర్రుమంటే నేను చేటతో సహా లేచి నిలబడేదాన్ని.

పక్కింట్లో కోదాడ నుంచి వచ్చిన సరోజినమ్మ ఉండేది. నేను వదినగారూ అని పిలిచేదాన్ని. కాలువ పనుల ఓవర్సీయరు గారి భార్య. గోడ మీదుగా "బాగున్నారా అండీ?" అనడం, "బాగున్నమండి" అనడం, అంతే. భయమేస్తోందని చెబితే మిల్లు సందు నుంచి వచ్చిన పిరికిది అనుకుంటుందని నా బెంగ. మావారికి చెబుదామా, సామాను బండి గుర్తొచ్చేది. అత్తమ్మకు చెబుదామా, ఆమె వరండాలో వత్తులు చేసుకుంటూ, "నాకేం భయం? నిజాం జమానా సూసినదాన్ని" అనేది. అంటూనే రోకలిని మంచం పక్కకు జరుపుకునేది.

అలా పదిహేను రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం వాకిలి ఊడ్వబోయి చూద్దును కదా, తలుపు పక్క గోడ మీద నీలి సుద్దతో ఏదో రాసి ఉంది. పైన మూడు. కింద ఒక గీత. గీత కింద సున్నా.

"అత్తమ్మా, నువ్వు రాసినవా?"

"నాకు రాయొస్తే నీ మొగుణ్ణి బడికెందుకు తోలుదును, నేనే సదువు జెప్పుకుందును" అంటూ వచ్చి చూసింది. చూసి, వత్తి చేతిలోంచి జారవిడిచింది. "పిల్లా, ఇంట్ల మనం ఎంతమందిమే?"

"ముగ్గురం."

"మరి గా కిందిది?"

"సున్నా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముగ్గురు. గీత. సున్నా. అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

అత్తమ్మ గొంతు తగ్గించింది. "బందిపోట్లు ముందుగాల వచ్చి గుర్తు వెట్టి పోతరని మా అవ్వ చెప్పేది."

చెప్పు కూడా వేసుకోకుండా సరోజినమ్మ గోడ దాకా పోయి తొంగి చూశాను. అక్కడ ఏడు కింద ఒకటి! వాళ్ళింట్లో ఏడుగురే. ఒకరినెవరినో దయతలచి వదిలేస్తున్నారన్నమాట! ఆ పై ఇంటి మీద నాలుగు కింద సున్నా. ఆ పైన ఆరు కింద సున్నా. కాలనీ మొత్తాన్ని లెక్కగట్టి పెట్టారు.

మీరైతే ఏం చేసేవారు? పక్కింటి తలుపు తట్టి అడిగేవారు. తెలివిగలవాళ్ళు. నేనేం చేశానో వినండి. బకెట్లో గుడ్డ తడిపాను. మా గోడ తుడిచాను. మా గోడ ఒక్కటే తుడిచి ఊరుకుంటే పాపం కదా అని, జనమంతా కునుకు తీస్తున్న ఆ ఎండలో పిల్లిలా నడుస్తూ ఎనిమిది ఇళ్ళ గోడలూ తుడిచాను. ఒక్కో సున్నా చెరిగిపోతుంటే ఒక్కో కుటుంబానికి ఆయుష్షు పోసినట్టు పొంగిపోయాను. మావారికి ఒక్క ముక్క చెప్పలేదు.

మూడో రోజు, సరిగ్గా అదే వేళకు, గేటు చప్పుడైంది.

కిటికీ సందులోంచి చూశాను. ఖాకీ చొక్కా, భుజాన సంచి, పాతికేళ్ళ మనిషి. తలుపు కొట్టలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి, గుర్తు ఉన్న చోట వేలితో రుద్ది, వాసన చూసి, తల పట్టుకున్నాడు. తర్వాత మా తలుపు కేసి చూశాడు.

"అమ్మా, ఇంట్ల ఎవరున్నరు?"

అత్తమ్మ నన్ను ముందుకు తోసింది. నిజాం జమానా చూసినామె నా కొంగు పట్టుకుని వెనక నిలబడింది. తలుపు నాలుగు వేళ్ళంత తీశాను.

"ముగ్గురే గద మీరు? మగాయన ఇంట్ల లేడా? ఎప్పుడొస్తడు?"

నేను తలుపు ఇంకో రెండు వేళ్ళంత మూశాను.

"ఈ గోడ మీద గుర్తు వెట్టి పోయిన. ఎవరు సెరిపిన్రమ్మా? ఎనిమిదిండ్లల్ల ఒక్కటి లేకుంట సెరిపిన్రు. నా బతుకు ఖతమైతది."

దొంగ తన నోటితోనే ఒప్పుకున్నాడు! నాకు కాళ్ళు, చేతులు, చివరికి ముక్కుపుల్ల కూడా వణకడం మొదలైంది. వాడు అది చూశాడు. మొహం మారిపోయింది.

"అయ్యో, గిట్ల వణుకుతున్నవేందక్కా? సలి వెడుతుందా? సేయి ఇటియ్యి" అంటూ సంచిలో చెయ్యి పెట్టి సూది తీశాడు. తళతళలాడే ఇంత సూది. రెండో చేతిలో చిన్న గాజుపలక. "ఏం కాదు. ఒక్క సుక్క నెత్తురు."

నెత్తురు!

అంత భయంలో మనిషికి తెలివి ఎక్కడినుంచి వస్తుందో తెలీదు. వాడే దారి చూపించాడు. "సేతులు కడుక్కోవాలె, నీళ్ళున్నయా?" అన్నాడు. పెరట్లో ఉన్న స్నానాల గది వైపు వేలు చూపించాను. వాడు లోపలికి పోయి చెంబు తీసుకున్న చప్పుడు విన్నాను. వెనకే పోయి తలుపు లాగి గొళ్ళెం వేసేశాను.

"అక్కా! తలుపు వడ్డది!"

"పడలేదు, ఏసిన!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

కంచం తీసి గరిటెతో బాదుతూ వాకిట్లో నిలబడి కేకలు పెట్టాను. "దొంగ! దొంగ! పట్టిన, రాండ్రి!"

మిల్లు సందులో అయితే ఈపాటికి నలభై మంది వచ్చి, అందులో సగం మంది దొంగను కొట్టి, మిగతా సగం ఎలా కొట్టాలో చెప్పేవాళ్ళు. కాలనీలో ఏమైందో తెలుసా? దడాల్, దడాల్, దడాల్! ఒక్కొక్క ఇంటి తలుపు లోపలి నుంచి గడియ పడింది. సరోజినమ్మ కిటికీ రెక్క ఒకటి కొంచెం తెరుచుకుంది.

"దొంగా అండీ? మీ ఇంట్లోనే ఉన్నాడా?"

"అవునండి, రాండ్రి!"

"అయితే మీరు జాగ్రత్తగా పట్టుకునుండండి" అని ఆ రెక్క కూడా మూసుకుంది.

ఇక దిక్కులేక అత్తమ్మ చేతిలో రోకలి పెట్టాను. "నువ్వు ఈడనే ఉండు, నేను మిల్లుకు పోయొస్త" అని పరుగు తీశాను. కాళ్ళకు చెప్పుల్లేవు, ఎండకు రైలుపట్టాలు కాలుతున్నాయి. ముసలామెను ఆ బందిపోటు దగ్గర వదిలి వచ్చానే, తిరిగి వెళ్ళేసరికి మూడు కింద రెండైపోతుందేమో అని ఏడుపు తన్నుకొస్తోంది. మిల్లు గేట్లో పడి, "దొంగ... అత్తమ్మ... నెత్తురు..." అన్నాను. మావారు కలం చెవి మీదే మర్చిపోయి పరుగెత్తారు. వెనక పదిమంది హమాలీలు, చేతుల్లో బస్తాలెత్తే కొక్కేలు.

గేటు తోసుకుని లోపలికి దూకాం. వరండాలో నేను చూసిన దృశ్యం ఈ జన్మలో మర్చిపోను. రోకలి ఒక మూల. బందిపోటు పీట మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. అత్తమ్మ ఎడమచేతి వేలికి దూది అదుముకుని, పుట్టింటి నుంచి చుట్టమొచ్చినంత కళగా ఉంది.

"ఏడే దొంగ?" అన్నారు మావారు.

"ఎక్కడి దొంగరా! మా వేములపల్లి సుతారి లింగయ్య మనుమడు, యాదగిరి. మా పుట్టింటి గోడలు కట్టింది వీళ్ళ తాతనే. గొళ్ళెం అవుతల ఉండి ఎవరి పిల్లగానివిరా అనడిగితె చెప్పిండు. మలేరియా ఆఫీసుల కొలువంట. జరమొచ్చినోళ్ళను ఎతుక్కుంట తిరుగుతడంట, పరీక్షకు నెత్తురు సుక్క దీస్తడంట. నాది గూడ తియ్యిమన్న."

మావారు నుదురు కొట్టుకున్నారు. "గీ పిల్లగాడా! మొన్న పొద్దున్నే గేటు కాడ అడిగితె నేనే చెప్పిన గద, ముగ్గురం, జరం ఎవరికి లేదని!"

ముగ్గురు. గీత. జ్వరాలు సున్నా. ఏడు కింద ఒకటి, సరోజినమ్మ చంటివాడికి వచ్చిన జ్వరం. నేను మా గుమ్మం మీద కూలబడ్డాను.

అత్తమ్మ హమాలీల వైపు తిరిగింది. "ఎట్లాగు వచ్చిన్రు గద, వరుసగ కూసోండ్రి. జరమొచ్చినోళ్ళుంటె వేలు సూపియ్యుండ్రి, సూదితోని జర గుచ్చుతడు, అంతే."

బందిపోటును చీల్చడానికి వచ్చిన ఆ పదిమందీ, సూది అన్న మాట వినగానే కొక్కేలు దాచుకుని గేటు వైపు నడిచారు. ఒకతను మాత్రం నడవలేదు, పరుగెత్తాడు.

అప్పుడే సైకిలు దిగి మలేరియా ఆఫీసులో యాదగిరికి పైనున్న పెద్దసారు లోపలికి వచ్చాడు. పొద్దున తనిఖీకి వచ్చి ఒక్క గోడ మీదా గుర్తు కనబడక, ఇళ్ళకు పోకుండానే రాసుకొచ్చావని యాదగిరిని నౌకరీలోంచి తీసేస్తానన్నాడట ఆయన. యాదగిరి మొహం పాలిపోయి ఉంది. మజ్జిగ గ్లాసు చేతిలో వణుకుతోంది. ఇందాక నేను వణికింది అలాగే. ఆ గ్లాసు చూశాక నేను ఇంక నోరు మూసుకుని ఉండలేకపోయాను.

"సార్, ఆయన రాసిండు. నేనే సెరిపిన."

"ఎందుకమ్మా?"

చెప్పాను. పెద్దసారు నమ్మలేదు. "ఎనిమిది ఇండ్లూనా? ఒక్కదానివే? పద, ఎక్కడెక్కడ సెరిపినవో సూపియ్యి."

ఆ ఎండలో మా ఊరేగింపు బయల్దేరింది. ముందు నేను, వెనక పెద్దసారు, యాదగిరి, మావారు, మళ్ళీ రోకలి చేతబట్టిన అత్తమ్మ. ప్రతి ఇంటి ముందూ ఆగి, తలుపు తట్టి, "మీ గోడ నేనే తుడిచిన్నండి, దొంగల గుర్తనుకున్న" అని ఒప్పుకోవాలి. సరోజినమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అయ్యో, నన్నడిగితే చెప్పేదాన్ని కదండీ! మా చంటాడికి మాత్రలిచ్చింది ఆ అబ్బాయే!" అంది. ఆరో ఇంటామె మాత్రం నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, "నేను గూడ గా గుర్తు సూసి రెండు రాత్రులు నిద్ర పోలేదక్కా, ఎవరికి చెప్పాల్నో తెలువలె" అంది. ఆమె గుసగుస విన్నాక నా సిగ్గు సగం తగ్గింది.

ఎనిమిదో గోడ దగ్గర పెద్దసారు నోట్‌బుక్కు మూశాడు. యాదగిరి నౌకరీ నిలబడింది.

"గీ ఎనిమిదిండ్లు ఎంతసేపట్ల తిరిగినవమ్మా?" అన్నాడాయన.

"అర్ధగంట పట్టి ఉంటది సార్."

ఆయన యాదగిరి వైపు తిరిగాడు. "ఇన్నవా? నీకు ఒక పూట పడుతుంది. మన కొలువుకు ఈమెకు దరఖాస్తు కాయితం ఒకటియ్యి."

సామాను బండి ఎక్కలేదు. మేం ఆ కాలనీలోనే పదకొండేళ్ళు ఉన్నాం. మా ఇంటి ముందు ఎవరు ఆగినా కాలనీ ఆడవాళ్ళందరూ బయటికి వచ్చి చూసేవాళ్ళు, అతన్ని కాపాడడానికి.

కనుక మీ అందరి ఎదుట, మా ఇలవేల్పు మీద ఒట్టేసి, పూర్తి స్పృహలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మనిషినైనా సరే, పేరు, ఊరు, తాత పేరు అడిగి తెలుసుకోకుండా స్నానాల గదిలో పెట్టి గొళ్ళెం వేయను.