ఇస్త్రీ గదిలో వంతులు

ఆ లాండ్రీ ఫ్యాక్టరీలో ఇస్త్రీ గది సూపర్‌వైజర్ని అందరూ చార్టు సారు అనేవాళ్లు. ఎదురుగా కాదు లెండి. రోజుకు రెండు వేల ఆస్పత్రి దుప్పట్లు ఆ గదిలోకి తడిగా వచ్చి మడతలుగా బయటికి వెళ్లేవి. ఎవరు ఏ గంటకు ఎక్కడ నిలబడాలో, ఎవరు ఎప్పుడు మంచినీళ్లకు వెళ్లాలో ఆయన స్కేలు పెట్టి, రెండు రంగుల్లో గళ్లు గీసి గోడకు అంటించేవాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క పూట పని ఆగలేదు. కాదనకూడదు, అది ఆయన గొప్పే. మనుషుల చేత పని చేయించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. వాళ్ల కోసం ముందు నిలబడటం మాత్రం ఎవరూ నేర్పలేదు, ఆయనా నేర్చుకోలేదు.

గదిలో ఎనిమిది మంది ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె ఆయన సొంత అక్క. ఇంట్లో "ఒరేయ్" అని పిలిచే మనిషి గేటు దాటగానే "సారూ" అనేది. మిగతావాళ్లు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు.

దుప్పట్లను లోపలికి లాక్కునే వేడి రోలరు ముందు ఒక కడ్డీ ఉంటుంది. పొరపాటున చెయ్యి దానికి తగిలితే రోలరు టక్కున ఆగిపోవాలి. వానాకాలం మొదట్లో ఆ కడ్డీ పనిచేయడం మానేసింది. ఆయన మేనేజరుకు కాగితం రాశాడు. జవాబు లేదు. ఇంకోటి రాశాడు. కొత్త కడ్డీ వచ్చేదాకా అలాగే నడిపించమని కబురొచ్చింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్క వచ్చి పక్కన కూర్చుంది. గేటు లోపల ఆమె సారూ అనకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే.

"నువ్వు ఆపమన్నావంటే మేం ఎనిమిది మందిమీ చేతులు దించేస్తాం. అందర్నీ ఒకేసారి పంపించేయలేరు కదరా. కానీ ఆ మాట నీ నోట్లోంచే రావాలి."

ఆయన సాయంత్రం ఇంటికెళ్లి కొత్త చార్టు గీశాడు. ఇకపై రోలరు దగ్గర ఎవరూ గంటకు మించి నిలబడనక్కర్లేదు. ఎనిమిది మందికీ రోజుకో గంట, సరిసమానం. అక్కకూ మినహాయింపు లేదు. ప్రమాదాన్ని ఎనిమిది ముక్కలు చేసి తలా ఒకటి పంచిపెట్టి, న్యాయం చేశాననుకుని కడుపు నిండా తిన్నాడు. ఆ మనిషిని తిట్టాలో, చూసి జాలిపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పదిహేడో రోజున, అక్క వంతులో, ఆమె చెయ్యి దుప్పటితో పాటు లోపలికి పోయింది. స్విచ్చు అవతలి గోడకుంది. ఎవరో పరుగెత్తి ఆపేసరికి నాలుగు వేళ్లు పోయాయి. ఆస్పత్రి మంచం మీద ఆమె తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే ఆయనకు బాగుండేది.

మూడు రోజుల్లో ఏడుగురితోనే పని గాడిలో పెట్టినందుకు మేనేజరు ఆయన్ను పిలిచి మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుకు ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. కడ్డీ ఇంకా రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చు ఆపేశాడు. ఏడుగురూ తిరిగి చూశారు. కడ్డీ బాగుచేసేదాకా ఈ మిషను నడవదని, ఎవరూ దాని దగ్గరికి వెళ్లొద్దని చెప్పాడు. మాట స్పష్టంగానే వచ్చింది.

అప్పుడు రోలరు ముందున్నది అందరిలోకీ పెద్దామె. తడి దుప్పటి అంచు వదలకుండానే అడిగింది.

"ఎవరు ఆపమన్నారని మేనేజరుగారు అడిగితే ఏం చెబుతారు సారూ?"

"నేను... కాగితం రాసి పంపిస్తాను," అన్నాడాయన.

ఇరవై రెండేళ్ల అలవాటు మరి, నాలుక ఇంకెటు తిరుగుతుంది! అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. ఆమె కోప్పడలేదు. దుప్పటి బల్ల మీద పెట్టి, నడిచి వచ్చి, స్విచ్చు వేసింది.

"నా వంతు ఇంకా ఇరవై నిమిషాలుంది," అంది. "కాస్త పక్కకు జరగండి, దారికి అడ్డంగా ఉన్నారు."

ఆయన జరిగాడు.