నయమయ్యాక ఇచ్చే కోడి

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అనేవారు. అందరూ అంటే ఎంతమంది, మా నాన్న ఒక్కడే. మా ఆయన మణుగూరు గనుల్లో పనిచేస్తూ ఆదివారాలు మాత్రం వచ్చిపోయేవాడు. నేను చండ్రుగొండ దగ్గర ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మను. అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉంటూ, తన నాలుగెకరాల మిరపా పొగాకూ చూసుకునేవాడు. తొంభైల మొదట్లో మాట ఇది.

నాన్నకు షుగరు. డాక్టరు రాసిచ్చిన మాత్రలు గూట్లో అలాగే ఉండేవి, వాటి పక్కన మాత్రం ఒక దుకాణమే వెలిసింది. నేరేడు గింజల పొడి, తిప్పతీగ పొడి, ఉసిరి లేహ్యం, పుట్టతేనె సీసాలు. వీటిలో సగం భద్రాచలం బస్టాండులో మైకు పెట్టి అమ్మేవాళ్ళ దగ్గర కొన్నవి. డబ్బా మీద గడ్డం సన్యాసి బొమ్మ ఉంటే చాలు, నాన్న చెయ్యి జేబులోకి పోయేది. పొద్దున్నే ఒక్కొక్క మూతా తీసి, వాసన చూసి, చెంచా నాకి, "ఒళ్ళు తేలికైందమ్మాయ్" అనేవాడు. నేను ఒంటికాలి మీద లేచేదాన్ని.

మిగిలిన సగం వాగు అవతల కోయగూడెం నుంచి వచ్చే అవ్వ ఇచ్చేది. అవ్వ తేనె అమ్మేది, చింతపండు అమ్మేది, వాటికి ధర గట్టిగా చెప్పేది, పైసా తగ్గేది కాదు. మందుకు మాత్రం ధర లేదు. షుగరుకని పొడపత్రి ఆకు అడ్డాకులో చుట్టి ఇచ్చి వెళ్ళిపోయేది. నయమైతే అప్పుడు ఒక కోడినో చీరనో తీసుకెళ్ళి ఇవ్వాలి. నయం కాకపోతే ఏమీ ఇవ్వక్కర్లేదు. వాళ్ళ అమ్మ మందిచ్చే పద్ధతీ అంతేనట.

అప్పుడే మా బడిలో తోటి టీచరు తమ్ముడు బీమా ఏజెంటుగా చేరి, ఆరోగ్య బీమా అని కొత్త పాలసీ గురించి చెప్పాడు. ఏడాదికింత కడితే, ఆసుపత్రిలో చేరినప్పుడు ఖర్చు వాళ్ళిస్తారు. ఒక వయసు దాటితే కొత్తగా తీసుకోరు. నాన్నకు ఆ వయసు ఇంకో ఏడాదిలో దాటుతుంది. నాకు ఇక నిద్ర పట్టలేదు. ఓ సాయంత్రం నాన్నను ఎదురుగా కూర్చోబెట్టి, బడి పలక మీద ఒక పక్క డబ్బాలూ సీసాలూ, రెండో పక్క ప్రీమియం వేసి కూడి చూపించాను. డబ్బాల పక్కే ఎక్కువ తేలింది. రెండో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. అలా చెప్పకుండా ఉండాల్సింది.

నాన్న పలకను చాలాసేపు చూశాడు. తప్పేం లేదు లెక్కలో, అన్నాడు. తర్వాత అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"జబ్బు రాకముందే డబ్బు పుచ్చుకునేవాడు ఒకడు. జబ్బు పోయినాకే పుచ్చుకునే మనిషి ఇంకొకరు. ఇద్దర్లో ఎవరికి మన ఒంటి మీద శ్రద్ధ ఉంటదో నువ్వే చెప్పు."

 నేను ఇంకా గట్టిగా అరిచాను. ఏజెంటు రెండుసార్లు ఫారం పట్టుకొచ్చి, మజ్జిగ తాగి, తిరిగి వెళ్ళిపోయాడు. మూడోసారి రాలేదు, పాపం.

మాఘమాసంలో, పొగాకు కొట్టేసిన చేలో నడుస్తుంటే మోడు ఒకటి నాన్న చెప్పును చీల్చి పాదంలో దిగింది. నాకు చెప్పలేదు. ఇంట్లో కూడా కాలికి గుడ్డ చుట్టుకుని తిరుగుతుంటే, చలికి పగుళ్ళు అన్నాడు. నేనూ నమ్మాను. పరీక్ష పేపర్ల హడావుడిలో ఉన్నాను, నమ్మడం నాకు సులువుగా ఉంది.

నాన్న నా చాటున చేసిన పని తర్వాత తెలిసింది. మా వైపు మిరపకోతలకు కూలీల ముఠాను కుదుర్చుకోవాలంటే ముందుగా బయానా ఇస్తారు. బయానా పుచ్చుకున్న ముఠా, పక్క రైతు ఎక్కువ కూలి ఇస్తానన్నా పోదు, మాట మీద నిలబడుతుంది. నాన్న జన్మంతా పంట అలాగే గట్టెక్కించుకున్నాడు. అవ్వకు కూడా అలాగే ఇచ్చాడు. ఒక నాటుకోడిని, కొత్త చీరను పాలేరు చేత గూడేనికి పంపి, దొర కాలు చూడాలంట, ముందే ఇస్తున్నాడంట అని చెప్పమన్నాడు. బయానా ముట్టింది కనక ఆమె ఎలాగైనా నయం చేసి తీరుతుందని ఆయన నమ్మకం.

మర్నాడు ఆదివారం, నేను వాకిట్లో బట్టలు ఆరేస్తున్నాను. అవ్వ వచ్చింది. చంకలో కోడి, భుజం మీద మడత విప్పని చీర. కోడిని గుంజకు కట్టి, చీరను అరుగు మీద పెట్టి, నాన్న ముందు గొంతుక్కూర్చుని గుడ్డ విప్పమంది. గుడ్డ విప్పేసరికి వాసన నా దాకా వచ్చింది. రెండు వేళ్ళు నల్లబడి ఉన్నాయి. అవ్వ చేత్తో తాకలేదు.

"ముందు దీస్కుంటే నా మందు పారదు దొరా," అంది. "దీస్కోకున్నా గిది నా చేతిల లేదు. ఇయ్యాలనే దవాఖానకు పో. రేపంటే కాలు వోతది."

నాన్న ఆమె ముఖంలోకే చూస్తూ, ఏదైనా ఆకు కట్టి చూడమని మెల్లగా అడిగాడు. ఆయన ఎవరినైనా బతిమాలడం నేను చూడటం అదే మొదలు. అవ్వ తల అడ్డంగా ఊపి, నా వైపు తిరిగింది.

"పంతులమ్మా, నువ్ తీస్కపో. నీ మాట ఇంటడు గనీ, జర అర్వకు. నువ్ అరుస్తవనే నీకు సూపియ్యలే."

బట్టల బుట్ట నా చేతుల్లోనే ఉంది.  అన్నాళ్ళూ ఆయన మొండితనం ఆయనను చంపుతుందని భయపడ్డాను గానీ, నా నోరూ అందులో ఒక చెయ్యి వేసిందని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నం బస్సుకే ఖమ్మం వెళ్ళాం. ఆసుపత్రిలో చేర్చుకునే ముందు కౌంటరు దగ్గర అడ్వాన్సు కట్టమన్నారు. ఆ ఆదివారం ఇంటికొచ్చి ఉన్న మా ఆయన గనుల్లో దాచుకున్నదీ, నా రెండు గాజులు తాకట్టు పెట్టి తెచ్చిందీ కట్టాం. నాన్న చక్రాల కుర్చీలో కూర్చుని, నేను నోట్లు అందించడం చూస్తున్నాడు. పాలసీ ఉంటే ఈ బాధ తప్పేది కదా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మింగడమే మంచిదైంది. ముందు నుంచీ ఉన్న జబ్బుకు పాలసీ వర్తించకపోవచ్చని తర్వాత ఆ ఏజెంటు కుర్రాడే నసుగుతూ చెప్పాడు. పలక మీద నేను వేసిన లెక్కలో ఆ మాట లేదు.

రెండు వేళ్ళు తీసేశారు. పాదం నిలిచింది. నెలన్నర రోజులు పొద్దునా సాయంత్రం నేనే పుండు కడిగి కట్టు కట్టాను. మాత్రలు చేతిలో పెట్టి మింగేదాకా నిలబడ్డాను. అరవలేదు. అరవకుండా ఉండటం ఎంత కష్టమో నాకే తెలుసు. నాన్న కూడా డబ్బాల వైపు చూడలేదు. పొడపత్రి కషాయం మాత్రం డాక్టరును అడిగి, మాత్రలు మానకుండా తాగమంటే తాగేవాడు.

పుండు పూర్తిగా మానిన రోజున నాన్న తలంటుకుని, ఆ కోడినే చంకన పెట్టుకుని గూడేనికి బయల్దేరాడు. కట్టిపడేసిన ఇన్నాళ్ళూ మా గింజలు తిని అది బాగా బలిసింది. నేనూ వస్తానంటే వద్దన్నాడు. ఎద్దుబండి వాగు దాకా పోతుంది, అక్కణ్ణుంచి కర్ర పట్టుకుని నడుస్తానన్నాడు.

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చాడు. కోడి చంకలోనే ఉంది.

ఏంది నాన్నా, తీసుకోలేదా అని అడిగాను. అవ్వ ముట్టుకోలేదట. నేను నయం చెయ్యలే, చేసినోళ్ళకియ్యి అందట. చీర కూడా అరుగు మీదే ఉండిపోయిందని, అది కూడా వాళ్ళకే అని గుర్తు చేసిందట.

నాన్న మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పాడు. కాసేపు కోడి కాళ్ళ తాడు వేళ్ళతో నలుపుతూ ఉన్నాడు. తర్వాత ఆ తాడు నా చేతిలో పెట్టాడు.

నాకెందుకు, కోసి బాగుచేసింది డాక్టరు కదా, ఆయనకు ఇయ్యి అన్నాను. 

"ఆయన ముందే పుచ్చుకున్నాడు గదమ్మాయ్," అన్నాడు నాన్న. "నయమైనాక ఇయ్యాల్సింది ఇంక నీకే."