ఎల్లమ్మ అడిగిన వంతెన

మీర్‌పేట్ దాటాక తుమ్మలకుంట అవతలి గట్టున ఒక బస్తీ ఉంది. అక్కడ ఎల్లమ్మను ఎరగనివాళ్లు లేరు. చెరువు మీద వంతెన కావాలని నోరు నొప్పి పుట్టేలా అడిగిన మనిషి ఆమె. కార్పొరేటర్‌ను అడిగింది, చర్చిలో ప్రార్థన చేయించింది, ఓట్లకొచ్చిన ప్రతివాణ్నీ గుమ్మంలో నిలబెట్టి అడిగింది. అడగందే అమ్మైనా పెట్టదన్నారు కదా.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఒక వానాకాలం ఉదయం మొగుడు జానయ్యకు గుండెనొప్పి వచ్చింది. దవాఖాన చెరువుకు సరిగ్గా అవతలే. ఇంటి అరుగు మీద కూర్చుంటే దాని బోర్డు కనిపిస్తుంది. కానీ మనిషి పక్షి కాదు. ఆటో చెరువు చుట్టూ తిరిగి, మునిగిన కల్వర్టు దగ్గర ఆగిపోయింది. జానయ్య ఆ బోర్డు వైపు చూస్తూనే ప్రాణం విడిచాడు.

ఎల్లమ్మ మన్సూరాబాద్‌లో మురళీకృష్ణ గారింట్లో పనిచేసేది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఇంజనీరాయన. ఒకరోజు ఆయనే కబురు చెప్పాడు.

"నీ కోరిక తీరింది ఎల్లమ్మా. మీ చెరువు మీద తేలే వంతెన వేస్తున్నాం. స్తంభాలుండవు. పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు జోడించి పైన బల్లలు పరుస్తాం."

"నీళ్ల మీద తేలేది మనిషిని మోస్తదా సారూ?"

"ఎందుకు మోయదు? రెండు కొసలూ గట్టి నేలకి కట్టేయాలి, అంతే. లేకపోతే గాలికి కొట్టుకుపోతుంది."

కొలతలకు ఆయన బస్తీకి వచ్చిన రోజు ఎల్లమ్మ సంబరం చూడాల్సిందే. చాయ్ పెట్టింది, పక్కింటి నుంచి కుర్చీ తెచ్చింది. ఆయన గట్టంతా తిరిగాడు. ఎక్కడ చూసినా లారీలు పోసిపోయిన మట్టే, అడుగు వేస్తే దిగబడుతుంది.

"ఇక్కడ గట్టి నేలంటూ ఎక్కడా లేదా ఎల్లమ్మా?"

"లేకేంది సారూ! మా ఇంటి కింద మొత్తం బండనే. మా ఆయన బండ తగిలేదాక తవ్వి పునాది ఏసిండు. ఎన్ని వానలొచ్చినా మా గోడ పగల్లే."

మొగుడి పనితనాన్ని పెద్ద చదువులాయన ముందు చెప్పుకోవడం ఆమెకు అదే మొదలు. తన వేలితో తన కన్నే పొడుచుకుంటున్నానని ఆ పిచ్చితల్లికి తెలియలేదు. మురళీకృష్ణ చాయ్ గ్లాసు కింద పెట్టి, మడమతో నేలను గట్టిగా తొక్కి చూశాడు.

వారం తిరక్కుండా గోడ మీద ఎర్ర గుర్తు పడింది. ఆమె ఇల్లు మొత్తం పోతుంది, పక్కనున్న అంతయ్య ఇల్లు సగం.

"మీ ఇంట్ల ఇన్నేండ్లు గిన్నెలు తోమిన. నా ఇంటికే ఎట్ల గుర్తు పెట్టిన్రు సారూ?" అని ఎల్లమ్మ ఆయన్ని నిలదీసింది.

"నేనేం చేయను చెప్పు? అటువైపు బండ ఉన్న చోటు అదొక్కటే" అన్నాడాయన తలెత్తకుండా. సిగ్గుపడ్డాడేమో. ఆ సిగ్గుతో గోడలు నిలుస్తాయా? చెరువు భూమి గనక పట్టా లేదు, పట్టా లేదు గనక పరిహారమూ లేదు.

ఇల్లు కూలుతుంటే అంతయ్య ఒక్కటే మాటన్నాడు. "నువ్వే కదక్కా అడిగింది. ఇగ నడువ్ దాని మీద." జేసీబీ కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ కూల్చింది. చెరువు ఇవతల, దవాఖాన వెనక ఒక గదిలో కిరాయికి చేరింది.

వంతెన తయారైంది. మన నాయకులకు చెరువు కనిపించేది రెండుసార్లే, మట్టి పోయించేటప్పుడూ రిబ్బను కత్తిరించేటప్పుడూ. రంగుల లైట్లు పెట్టారు. టికెట్టు పెట్టారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోచింగ్ పిల్లలు సెల్ఫీలకు వచ్చారు. టికెట్టు లేకుండా ఎవరూ ఎక్కకూడదని బస్తీ వైపు గేటుకు తాళం వేశారు.

వాన వెలిసిన ఒక సాయంత్రం ఎల్లమ్మ టికెట్టు కొని బస్తీ వైపు కొసదాకా నడిచింది. తన వంటగది ఉన్నచోట బండలోకి ఇనుప కొక్కెం దించారు. దానికి లావుపాటి ఇనుప తాడు. వంతెన ఊగినప్పుడల్లా తాడు బిగుస్తోంది, బండ మాత్రం కదలడం లేదు. జానయ్య పునాది అంత మంచిది మరి. ఆమెకు ఏడుపు ఆగలేదు.

అంతలో గేటవతల అంతయ్య కనిపించాడు. తల్లి అండాలమ్మను ఆటోలో ఎక్కిస్తున్నాడు. ముసలామెకు ఊపిరి ఆడడం లేదు.

"అంతయ్యా! ఇటు తేరా! ఇట్ల నడిస్తే దవాఖాననే!" అని ఊచలు పట్టుకుని అరిచింది ఎల్లమ్మ. కాపలా కుర్రాడి వైపు తిరిగింది. "జర తాళం తియ్యి బిడ్డా, పానం పోతది."

"చావి నా తాన లేదు పెద్దమ్మా. ఆఫీసుల ఉంటది."

అంతయ్య తాళం వైపు చూశాడు, ఎల్లమ్మ వైపు చూశాడు. తల్లి పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఆటో చెరువు చుట్టూ తిరిగే దారి పట్టింది.

"కల్వర్టు కాడ పైలంరా, మునిగి ఉంటది!" అని ఎల్లమ్మ గొంతు చించుకుంది. ఆటో చప్పుడులో ఆ మాట అంతయ్యకు వినబడలేదు.